దగ్గు రాని మిరపకాయ

లంబాసా,
1912 ఏప్రిల్ 14

సన్యాసీ,

ఆరు నెలలుగా ఉత్తరం లేకపోతే పోయావనుకున్నాను. ఆవిరి ఓడలో బొగ్గు వేసే విజేంద్ర మొన్న ఇటు వచ్చి, నువ్వు బతికే ఉన్నావనీ, కాస్త ఒళ్లు కూడా చేశావనీ చెప్పాడు. ఇక నిన్ను తిట్టవచ్చునని ధైర్యం వచ్చి రాస్తున్నాను. మేం ముగ్గురం కులాసా. ముగ్గురం అన్నాను, చూసుకో. నీకు మేనకోడలు పుట్టింది. కాంత అని పేరు పెట్టాం. నా ముక్కూ, మీ బావ బద్ధకమూ వచ్చాయి.

విజేంద్ర ఇంకో కబురు చెప్పాడు. నిన్ను చెరకు పని నుంచి తప్పించి మీ దొర తన పెరట్లో మిరప మొక్కల దగ్గర పెట్టుకున్నాడట. పొద్దున్నే లేచి మిరప పువ్వులకి పల్చటి గుడ్డసంచులు తొడుగుతావట. కోడి ఈకతో ఒక పువ్వు పుప్పొడి తీసి ఇంకో పువ్వుకి పూస్తావట. అది విని మీ బావ కింద కూలబడి నవ్వాడు. పాతికేళ్లు దాటినా పెళ్లి కాని నువ్వు పువ్వులకి పెళ్లిళ్లు కుదర్చడం మొదలుపెట్టావన్నమాట. పెళ్లికూతుళ్లకి ముసుగులు కూడానా! పేరు చూస్తే సన్యాసి.

ఒక్క మాట మాత్రం నవ్వకుండా అడుగుతున్నాను. ఆ మొక్కలు అమ్మ విత్తనానివేనా? కూలి ఒప్పందం మీద మన దేశం నుంచి వచ్చి నుకులావు దీవిలో ఓడ దిగిన రోజు, ఒక తల్లి పిల్లలమని ఎంత మొత్తుకున్నా వినకుండా మమ్మల్ని లంబాసా పడవలోకీ నిన్ను నౌసోరి పడవలోకీ తోలారు. అప్పుడు నా కొంగున ఉన్న అమ్మ మూట విప్పి గింజలు చెరిసగం పంచాను. పోయేముందు అమ్మ ఏమందో గుర్తుందా? "మీ ముత్తవ్వ కాడ్నించి ఒస్తన్న ఇత్తనం. సెడగొట్టకండర్రా" అంది. దాన్ని దొర పెరట్లో ఏం చేస్తున్నావో నాకు తెలియాలి.

మధ్యలో సముద్రం లేకపోతే స్వయంగా వచ్చి చెవి మెలిపెట్టి అడిగేదాన్ని.

నీ అప్ప
పాపమ్మ


నౌసోరి,
1912 జూన్ 2

అప్పకి దండాలు. బావకి ఇంకో రెండు ఎక్కువ, నీతో కాపురం చేస్తున్నందుకు. కాంతకి మేనమామ ముద్దులు. ముక్కు నీది రావడం దాని ఖర్మ, పెద్దయ్యాక సర్దుకుంటుందిలే.

అవును, అమ్మ విత్తనమే. లైన్ల వెనక, మేం పడుకునే గదుల వరసకి ఆనుకుని నాలుగు మొక్కలు వేసుకున్నాను. దొర గుర్రం మీద పోతూ ఆ ఎరుపు చూసి ఆగి, ఒక కాయ తుంచి నోట్లో వేసుకున్నాడు. వెంటనే గుర్రం దిగి నేలమీద కూర్చున్నాడు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. మర్నాడు పిలిచి, "రూపం బాగుంది, గుణం బాగాలేదు. దీన్ని మనుషులు తినేలా చెయ్యాలి" అన్నాడు. మరి ఇన్నాళ్లూ తిన్న మనం ఎవరమో నేను అడగలేదు.

సువాలో పంటల ప్రదర్శన జరుగుతుందట. అందులో బహుమతి కొట్టాలని ఆయన పట్టుదల. సిడ్నీ నుంచి ఒక ఉబ్బు మిరప తెప్పించాడు. దానికి బుగ్గలున్నాయి గానీ కారం లేదు. దాని పుప్పొడి ఈకతో తీసి అమ్మ మిరప పువ్వుకి పూస్తాను. తేనెటీగలు వచ్చి వేరే సంబంధం కలపకుండా సంచి తొడుగుతాను. ఆ సంతానాన్ని మళ్లీ విత్తితే వంద మొక్కలు వంద తీరుల్లో వస్తాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి నోట్లో పెట్టగానే చెంప పగలగొడుతుంది. అన్నిటి కాయలూ చివర కొరికి చూసి, నిగనిగలాడుతూ కారం తక్కువగా ఉన్న మొక్కకి ఎర్ర దారం కడతాను. దాని గింజలే దాచి, విత్తి, మళ్లీ కొరుకుతాను. ఇప్పటికి మూడు కాపులయ్యాయి. నా నాలుక చెప్పు అడుగులా తయారైంది. అయినా చెరకు కొట్టడం కన్నా నయమే కదా.

మూడో కాపు కాయలు ఎండబెట్టి ఒక మూటెడు విజేంద్ర చేత పంపుతున్నాను. వాటి అందం చూశాక నీ నోరు కాస్త మూతపడుతుందని ఆశ.

తమ్ముడు
సన్యాసి


లంబాసా,
1912 ఆగస్టు 25

పువ్వుల పెళ్లిళ్ల పేరయ్యగారికి,

మూట అందింది. విప్పగానే లైనంతా వచ్చి చూసింది. మిరపకాయలంటే అవి! వేలెడు లావు, జానెడు పొడుగు, పట్టు చీరలా మెరుస్తున్నాయి. ఆ రాత్రి పప్పులో మూడు వేశాను. మీ బావ రెండు ముద్దలు తిని తలెత్తి, "ఏటే పాపా, మీ తమ్ముడు ఎర్ర బెండకాయలు ఎండేసి పంపినాడేటి?" అన్నాడు. ఇంకో ఆరు వేశాను. పప్పు రంగు మారింది గానీ రుచి మారలేదు. ఎనిమిది నెలల కాంత ఒక కాయ మొత్తం చప్పరించి, ఇంకోటి కావాలని ఏడ్చింది.

అమ్మ మిరపని సిడ్నీ సంబంధానికి ఇచ్చి చేశావు. పుట్టింది మంచి రంగు తేలింది, రోషం మాత్రం పుట్టింట్లోనే వదిలేసింది. నా దగ్గరున్న అమ్మ మిరప ఎలా ఉందో చెప్పనా? ఈ దీవుల సొంత మనుషులు కైవీతీల పెరళ్లలో చిటికెన వేలంత పిట్టమిరప ఉంటుంది, వాళ్లు రొకెతే అంటారు. పిట్టలు తెచ్చి మా మడి పక్కనే మొలిపించాయి. నేను నీలాగా ముసుగులు వేయలేదు కాబట్టి తేనెటీగలు వాటి పని అవి చేసుకున్నాయి. ఇప్పుడు కాస్తున్న కాయ పొడుగూ నిగారింపూ అచ్చం నువ్వు పంపినట్టే ఉంటుంది. కొరికితే మాత్రం చెవుల్లోంచి పొగ వస్తుంది. చదువుకోని ఈగలు నీకన్నా మంచి సంబంధం కుదిర్చాయి.

నేను గడ్డి తీయడానికి పోయినప్పుడు కాంతని పక్క గది కుంతి చూసుకుంటోంది. హిందుస్తానీ మనిషి. పిల్లలు పుట్టి పోయారు పాపం. కాంత నా దగ్గర కన్నా ఆమె ఒళ్లోనే బాగా నిద్రపోతుంది. నువ్వు కనీసం ఆదివారాలు వచ్చిపోయేంత దూరంలో ఉన్నా నాకు ఇంత బెంగ ఉండేది కాదు.

అప్ప


నౌసోరి,
1912 అక్టోబరు 20

అప్పా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం మానేశాను. మూడో రోజు ఆకలేసి తిన్నాను. అయినా కోపం మాత్రం అలాగే ఉంది.

ఇది ఆషామాషీ పని అనుకుంటున్నావు. దొర దగ్గర లావుపాటి పుస్తకం ఉంది. ప్రతి మొక్కకీ తల్లి ఎవరు, తండ్రి ఎవరు, తాత ఎవరు, ఎప్పుడు పూసింది, ఎన్ని కాసింది, అన్నీ రాస్తాడు. చివరికి తేలిన రకానికి దొరసాని పేరు పెట్టాడు, ఎమిలీ అని. దొరసాని ఒక కాయ తిని "చాలా మర్యాదగా ఉంది" అందట. వచ్చే ఏడు ప్రదర్శనకి తీసుకుపోతాం.

ఇంకో మాట. బహుమతి వస్తే దొర నాకొకటి చేసి పెడతానన్నాడు. అదేమిటో ఇప్పుడు చెప్పను. చెబితే నువ్వు ఎగతాళి చేస్తావు, నీ ఎగతాళి తగిలితే పచ్చగా ఉన్నది కూడా మాడిపోతుంది. జరిగిన రోజున నీ మొహం ఎలా ఉంటుందో ఎదురుగా నిలబడి చూడాలని ఉంది. అప్పటిదాకా నన్ను ఎన్ని మాటలన్నా పడతాను. నేను పంపిన కాయల్లో గింజలు మాత్రం జాగ్రత్త చెయ్యి. బూడిద కలిపి కొబ్బరి చిప్పలో పెట్టు.

సన్యాసి


లంబాసా,
1912 డిసెంబరు 15

ఎమిలీగారి పెంపుడు తండ్రికి,

కిందటి నెల కాంతకి ఒళ్లు వెచ్చబడింది. రెండు రోజులు పాలు తాగలేదు, ఒకటే ఏడుపు. దిష్టి తగిలిందేమోనని తీద్దామనుకున్నాను. మంచి మిరపకాయలు ఖర్చు చెయ్యడం ఎందుకు, నువ్వు పంపినవి పప్పులోకి ఎలాగూ పనికిరావు, దిష్టికైనా పనికొస్తాయనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది.

గుప్పెడు ఉప్పు, ఏడు కాయలు తీసుకుని మూడుసార్లు తిప్పి నిప్పుల్లో పోశాను. మా గదుల మధ్య అడ్డుగోడలు పైకప్పు దాకా ఉండవని నీకు తెలుసు. ఒక గదిలో మిరపకాయ మాడితే లైను లైనంతా దగ్గుతుంది. అందరూ దగ్గుదామని నోటికి గుడ్డలు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఉప్పు చిటపటలాడింది. నీ కాయలు బుద్ధిగా నల్లబడ్డాయి. ఘాటు రాలేదు. ఎవరికీ దగ్గు రాలేదు. దిష్టి ఉంటేనే గదా ఘాటు రాదు!  ఇంత దిష్టి తన జన్మలో చూడలేదని పెద్దావిడ గుండెలు బాదుకుంది. పిల్లలు లేనిదాని కళ్లు అంది. అందరూ కుంతి గది వైపు చూశారు. నేనూ చూశాను, సన్యాసీ.

మర్నాటి నుంచి ఆమెని పంపు దగ్గరికి రానివ్వలేదు. నేను కాంతని ఆమెకి ఇవ్వడం మానేశాను. ఒక పొద్దున గుమ్మంలో నిలబడి, "దీదీ, హమ్‌సే కా గల్తీ భైల్?" అంది. నేనేం తప్పు చేశానని అడుగుతోంది. నేను మొహం తిప్పుకుని పార వెతికాను.

వారం తిరక్కుండా కాంతకి పన్ను వచ్చింది. జ్వరమూ పోయింది. అప్పుడు అనుమానం వచ్చి నీ కాయలతో కుక్కకి దిష్టి తీశాను. ఘాటు రాలేదు. చెరకు బండికి తీశాను. రాలేదు. చివరికి పనిగంటకి కూడా తీశాను. అందరం రోజూ తిట్టుకునే గంటకి దిష్టి తగిలినా తగలొచ్చు, కానీ కుక్కని ఎవరు చూసి కుళ్లుకుంటారు? తప్పు నీ మిరపకాయది. కుంతి దగ్గరికి వెళ్లి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

నీ దొర పుస్తకంలో మొక్కకి తల్లీ తండ్రీ తాతా ఉన్నారా? సంతోషం. నుకులావులో మనం ఒక తల్లి పిల్లలమని అరిస్తే ఏ పుస్తకంలో రాసుకున్నారు? మొక్కకి పేరు, నీకు నంబరు. ఆ పేరు కూడా మన అమ్మది కాదు. చిట్టెమ్మ అని పెడితే దొరసానికి కారం తగులుతుందా?

నీకు దొర ఇస్తానన్నది ఏమిటో నేను ఊహించుకోగలను. సర్దారు కర్ర. రేపు నువ్వూ తలపాగా చుట్టి, మనలాంటి వాళ్ల వీపుల మీద దానితో పనులు చేయిస్తావు. నా మొహం ఎదురుగా నిలబడి చూస్తావా? చూద్దువుగాని.

పాపమ్మ


నౌసోరి,
1913 మార్చి 9

అప్పా,

కుంతి సంగతి చదివి సిగ్గుపడ్డాను. కానీ దిష్టికి వాడమని నేను చెప్పానా? దిష్టికి పంపమని అడిగితే వేరే రకం పంపేవాణ్ని. సర్దారు కర్ర అన్న మాట మాత్రం నేను మరిచిపోను. దానికి జవాబు ఇప్పుడు ఇవ్వను.

ఇక్కడ కొంప మునిగింది. నిజంగానే మునిగింది. పది రోజుల కిందట రేవా ఏరు పొంగి చెరకు మీదుగా లైన్ల దాకా వచ్చింది. మాలో ఇద్దరు కొట్టుకుపోయారు. నీళ్లు తీశాక దొర బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చాడు. పోయినవాళ్ల కోసం అనుకుని నేనూ పక్కన కూర్చున్నాను. ఆయన ఎర్ర దారం ముక్క ఒకటి చేత్తో పట్టుకుని ఉన్నాడు. మొక్కలు, సంచులు, గింజల డబ్బాలు, పుస్తకం, అన్నీ సముద్రంలో కలిశాయి.

ఇప్పుడు ఆ విత్తనం ఈ లోకంలో నీ దగ్గర ఒక్కదాని దగ్గరే ఉంది. సెప్టెంబరులో ప్రదర్శన. ఇప్పుడు విత్తితే సరిగ్గా అందుతుంది. కొబ్బరి చిప్పలో దాచినవి ఇరవై గింజలు చాలు. అప్పా, నిన్ను ఇంతకుముందు ఏదీ అడగలేదు. నీ కాళ్లు పట్టుకుంటాను. ఎందుకో అడక్కుండా పంపు.

సన్యాసి


లంబాసా,
1913 ఏప్రిల్ 2

చిరంజీవి తమ్ముడికి,

పోయినవాళ్ల కోసం మేమూ దీపం పెట్టాం. నువ్వు క్షేమంగా ఉన్నావు, అది చాలు.

గింజలు పంపుతున్నాను. ఇరవై అడిగావు, ముప్పై పెట్టాను. ఎందుకో అడగను. వీటి కాయలు నిగనిగలాడుతూ జానెడు పొడుగు కాస్తాయి, దానికి నాదీ పూచీ. దొరకీ దొరసానికీ నా తరఫున కూడా రుచి చూపించు.

ఆశీస్సులతో
అప్ప


నౌసోరి,
1913 అక్టోబరు 5

పాపమ్మగారికి,

అప్పా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ గింజలు మొలిచాయి. పదకొండు మొక్కలు నిలిచాయి. దొర చుట్టూ కంచె కట్టి తాళం వేశాడు. కాయలు ఎర్రబడ్డాక, కొరికి చూస్తానని అడిగాను. ఇది తేలిన రకం, చూడక్కర్లేదన్నాడు. ప్రదర్శనకి ముందు ఒక్క కాయ తెగినా నా తోలు వలుస్తానన్నాడు. రోజూ పొద్దునా సాయంత్రం కాయలు లెక్కపెట్టుకున్నాడు. నేనూ పట్టుబట్టలేదు. గింజలు పంపింది నా తోడబుట్టినది కదా అని ఊరుకున్నాను.

సువాలో పళ్లెంలో పరిచాం. అంత అందం ఆ పందిట్లో ఇంకే కాయకీ లేదు. న్యాయనిర్ణేతలు కొలిచారు, తూచారు, వెలుగులో పట్టి చూశారు. మొదటి బహుమతి అని ఎర్ర పట్టీ గుచ్చారు. అప్ప గుర్తొచ్చి నా కళ్లమ్మట నీళ్లు వచ్చాయి. అక్కడితో ఆగినా బాగుండేది. దొర పెద్ద కాయ ఒకటి పైకెత్తి, "పసిపిల్ల కూడా తినవచ్చు" అని అందరూ చూస్తుండగా సగం కొరికి నమిలాడు. మర్యాద కోసం దొరసాని మిగతా సగం తీసుకుంది.

దొర కాసేపు నవ్వుతూనే నిలబడ్డాడు. తర్వాత మొహం కాయ రంగుకి తిరిగింది. పక్క బల్ల మీద బహుమతి పూల కుండీ ఉంటే పూలు పీకి ఆ నీళ్లు తాగాడు. అవి చాలక గుర్రాల తొట్టి దగ్గరికి పరిగెత్తాడు. దొరసాని ఆయన కన్నా ముందే అక్కడ ఉంది. జనం నవ్వారు. నేనూ నవ్వాను. ఏడవాల్సింది పోయి పొట్ట పట్టుకుని నవ్వాను, ఆయన తొట్టిలోంచి తలెత్తి నన్నే చూశాడు.

ఇప్పుడు విను, దొర ఇస్తానన్నది ఏమిటో. సర్దారు కర్ర కాదు. బహుమతి వస్తే మీ ముగ్గుర్నీ లంబాసా నుంచి ఇక్కడికి మార్పించడానికి పైవాళ్లకి రాస్తానన్నాడు. లైన్లో నా పక్క గది మీకని అడిగి పెట్టుకున్నాను. దానికి సున్నం కూడా వేశాను. రెండేళ్లు నాలుక మంటపెట్టుకుని మొక్క మొక్కా కొరికింది అందుకు. దొరకి దండాలు పెట్టింది అందుకు. అమ్మ విత్తనంలో కారం తీసేశానని నువ్వు తిడుతుంటే పడింది అందుకు. ముందే చెబితే ఎక్కడ తప్పిపోతుందో, నువ్వు ఆశపడి ఏడుస్తావేమోనని చెప్పలేదు. నువ్వేమో ముప్పై గింజలు పెట్టావు.

రేపటి నుంచి మళ్లీ చెరకు కత్తి. నాకు ఉత్తరాలు రాయకు.

సన్యాసి


లంబాసా,
1913 నవంబరు 16

తమ్ముడూ,

రాయవద్దన్నావు. నీ మాట నేను ఎప్పుడు విన్నాను గనక.

నువ్వు పంపిన కాయలు కోపంతో కిందటేడే ఏట్లో పారేశాను. ఆ మాట చెప్పకుండా ఈగలు కుదిర్చిన పిట్టమిరప సంతానాన్ని పంపాను. దొరకి బుద్ధి చెబుతున్నాననీ, నిన్ను సర్దారు కాకుండా కాపాడుతున్నాననీ అనుకున్నాను. పంపిన రోజున మీ బావతో చెప్పి ఇద్దరం నవ్వుకున్నాం కూడా. నీ ఉత్తరం వచ్చాక మీ బావ బయటికి వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు, చీకటి పడేదాకా లోపలికి రాలేదు. నేను సున్నం వేసిన గది అన్న చోటే చదివి చదివి కాగితం చింపుకున్నాను.

నా తమ్ముడు పరాయివాళ్ల మీద కర్ర ఎత్తుతాడని ఎలా అనుకున్నాను? కుంతి పిల్ల మీద కన్ను వేస్తుందని ఎలా అనుకున్నానో అలాగే. నాలుకలో కారం ఉంటే తెలివి కూడా ఉన్నట్టే అనుకుంటాను నేను. నీ మిరపకాయలో కారం లేకపోవడం కన్నా నా నోట్లో ఉండటమే ఎక్కువ చెరుపు చేసింది.

నిన్ను ఎలాగూ చేరుకోలేను కాబట్టి ఆ రోజే కుంతి దగ్గరికి వెళ్లాను. లైనంతా వినేలా నిలబడి, దిష్టి లేదు, ఏమీ లేదు, కాయలు దండగవి, తప్పు నాది అని చెప్పాను. నాకు వచ్చిన హిందుస్తానీలో చెప్పాను, ఏం అర్థమైందో తెలియదు.  కుంతి కాంత కోసం చేతులు చాపింది. ఏడాదైనా పిల్ల మరిచిపోలేదు, వెళ్లి ఒళ్లో కూర్చుంది.

నువ్వూ అలా ఒక్కసారి చెయ్యి చాపితే చాలు. నిన్ను చూడాలని ఉంది. ఇంకేమీ లేదు.

పాపమ్మ


నౌసోరి,
1913 డిసెంబరు 21

అప్పా,

చెయ్యి చాపేదాకా ఆగలేను, మొత్తంగా నేనే వస్తున్నాను.

ప్రదర్శన నుంచి వచ్చాక దొర ఆ పదకొండు మొక్కల్నీ కాయలతో సహా పీకించి, లైన్ల వెనక కుప్ప పోయించి నిప్పు పెట్టించాడు. గాలి ఎటు వీస్తోందో చూసుకోలేదు. ముందు మేం దగ్గాం. తర్వాత సర్దార్లు దగ్గారు. పొగ మిల్లు దాకా వెళ్లింది, అక్కడ పని ఆపేశారు. చివరికి బంగళా చేరింది. దొర, దొరసాని, వాళ్ల కుక్క, అందరూ వరండాలోకి వచ్చి కళ్లు నలుపుకుంటూ దగ్గుతుంటే, నౌసోరికి ఏ దిష్టీ లేదని తేలిందని మనవాళ్లు ఒకళ్లతో ఒకళ్లు చెప్పుకున్నారు. నేను మళ్లీ నవ్వాను. దొర మళ్లీ చూశాడు.

ఇన్నాళ్లకి ఇవాళ పిలిపించాడు. నాలాంటి తలబిరుసు మనిషి ఈ ఎస్టేటులో ఉండకూడదట. అంతకన్నా పాడు చోటు లేదనుకుని, గిర్మిట్ ఒప్పందంలో మిగిలిన పద్నాలుగు నెలలకీ నన్ను లంబాసా తోలేస్తున్నానన్నాడు. మీ ఏటికి అవతలి ఎస్టేటు. అక్కడ పని ఎముకలు విరుస్తుందనీ, ఏడుస్తావనీ చెప్పాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను, నవ్వు కనపడితే ఎక్కడ మనసు మార్చుకుంటాడో అని. నువ్వు నా అప్పవని ఆయనకి గుర్తే లేదు. మీ పేర్లు రాసుకున్న కాగితం పుస్తకంతో పాటే వరదలో పోయిందేమో.

జనవరి పదో తారీకు ఓడ. దొర విసిరేసిన బహుమతి పట్టీ ఏరి దాచాను. కాంత జడకి సరిపోతుందా?

తమ్ముడు
సన్యాసి


లంబాసా,
1914 జనవరి 4

సన్యాసీ,

ఇది విజేంద్ర చేతికే ఇస్తున్నాను, ఓడ ఎక్కేలోపు అందుతుంది. కాంతకి ఇంకా జడ రాలేదు. రెండు పిలకలే, పట్టీ వాటికన్నా పెద్దదిగా ఉంటుంది. అయినా తీసుకురా.

ఏరు దాటి నడిస్తే పొద్దుటి పూట ప్రయాణం. ఆదివారాలన్నీ మావి. మొదటి ఆదివారం నువ్వు రాగానే గుమ్మంలోనే ఆగాలి. నీకు దిష్టి తీయాలి. ఎంతమంది కళ్లు పడ్డాయి నీ మీద, రెండుసార్లు దొరవే పడ్డాయి. నా చేత్తో కాదు, కుంతి చేత్తో తీయిస్తాను. ఆమెకి చెప్పాను, సరేనంది. మన పద్ధతిలో ఎలా తిప్పాలో నేర్చుకుని, పొద్దుటి నుంచి ఉత్త పిడికిలితో మీ బావ చుట్టూ తిప్పుతోంది.

కాయలు మాత్రం నా మడిలోవి. ఒక్కటి చాలదా అన్నాడు మీ బావ. ఏడు వేస్తానన్నాను. లైనంతటికీ ముందుగానే చెప్పి ఉంచాం, అందరూ దగ్గడానికి సిద్ధంగా ఉన్నారు. తొందరగా రా.

అప్ప